కంటికానని గింజలు

ఆ ఏడు దసరా వెళ్లిన మర్నాడు, ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కదలబోతుండగా రంగమ్మ దానికి అడ్డం నిలబడి ఒక మనిషిని కిందికి దింపించింది. దింపించి తిట్టింది. వేరుసెనక్కాయలు అమ్మేవాళ్లు, రాతిపనికి పోతూ టీకి ఆగిన శిల్పులు, బస్సు కిటికీల్లోంచి బయటికొచ్చిన తలకాయలు, అందరూ ఆ తిట్లు విన్నారు.

"యోవ్ శాంతయ్యా, నువ్విచ్చిన పురుగులు యాడుండాయో తెల్సునా నీకు? మా దిబ్బలో ఉండాయి! శ్రావణంలో పెట్టినవీ ఆడ్నే, దసరా ముందర పెట్టినవీ ఆడ్నే. రోగపు గుడ్లు పొదిగించి మా నెత్తిన కుమ్మరిస్తివి గదప్పా!"

శాంతయ్యది గోస్పాడు. అక్కడ చాకీ కేంద్రం నడుపుతాడు. చాకీ అంటే పట్టుపురుగుకు పసితనం. గుడ్డులోంచి వచ్చినప్పుడు చీమకన్నా చిన్నదిగా ఉండే ఆ పురుగును లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి సాకి, రెండో జ్వరం లేచాక రైతులకిస్తాడు. జ్వరమంటే నిజం జ్వరం కాదు. పురుగు కుబుసం విడిచే ముందు తిండి మాని, తలెత్తి, కదలకుండా పడుంటుంది. చూసినవాడెవడో మొదట ఆ మాటన్నాడు, ఈ సీమ రైతులందరికీ అదే మాట నిలిచిపోయింది.

"అక్కా, అదే గుడ్లు, అదే చాకీ మీ పక్కూర్లో జీవమ్మకూ ఇస్తి. ఆయమ్మకు పట్టుగూళ్లు కోడిగుడ్ల మాదిరి వచ్చె. పోయి అడుగు."

"ఆయమ్మ నీ చుట్టం!"

"సరే, నా మాట నమ్మద్దు. నంద్యాల డిగ్రీ కాలేజీలో కమలిని మేడమ్ అని జువాలజీ చెప్తాంది. అహోబిలం బిడ్డ. నీకూ చుట్టం కాదు, నాకూ కాదు. చచ్చిన పురుగుల్ని ఆయమ్మ చేతిలో పెట్టు. తప్పు నా గుడ్డుదని ఆయమ్మ అంటే నా కేంద్రానికి నేనే తాళమేసి చెవి నీకిస్తా."

"ఇస్తావులే! తుప్పు పట్టిన తాళం!"

బస్సంతా నవ్వింది. శాంతయ్య నవ్వలేదు. ఆ బస్సులో పట్టురైతులు కూడా ఉన్నారు. వాళ్లలో కొందరు ఆ రోజు నుంచి గోస్పాడు వైపు పోవడం మానుకున్నారని రంగమ్మకు తరువాత తెలిసింది. తెలిసినప్పుడు, నిజం చెప్పాలంటే, ఆమెకు సంతోషమే కలిగింది.

ఆమెకు అంత కోపం రావడానికి ఊరికే రెండు పంటలు పోవడం చాలదు. పంట పోవడం రాయలసీమలో పుట్టినవాళ్లకు కొత్త కాదు. కోపమంతా మల్బరీ తోట గురించి.

రంగమ్మ పుట్టింది అవుకు దగ్గర పల్లెలో, తాతల కాలం నుంచీ భూమి ఉన్న ఇంట్లో. మెట్టింది ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలోని ఊరు. మొగుడు నరసింహులు నెమ్మదస్తుడు. వేరుసెనగ వేసేవాడు, వాన రాకపోతే ఆకాశాన్ని తిట్టేవాడు, వస్తే పందుల్ని తిట్టేవాడు. బోరులో నీళ్లు పడిన ఏడు రంగమ్మ ఒక్కతే పట్టుబట్టి ఎకరంలో మల్బరీ నాటించింది. "కాపుబిడ్డ పురుగులకు వండి పెడ్తాందంట" అని ఊరు నవ్వింది. ఆమె ఆకు కోసింది, షెడ్డు కట్టించింది, ఎండాకాలంలో గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టి పురుగులకు చలవ చేసింది. కొన్నేళ్లు గడిచేసరికి ఆమెను "నరసింహులు పెండ్లాం" అని పిలిచే ఊరు నరసింహులును "పట్టు రంగమ్మ మొగుడు" అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన దానికి నొచ్చుకోలేదు. కొత్తవాళ్లకు తనను తాను అట్లాగే చెప్పుకునేవాడు కూడా.

కానీ రెండు పంటలు వరసగా దిబ్బ పాలయ్యాక ఆ నెమ్మదస్తుడే ఒక పొద్దున పళ్లు తోముకుంటూ తేల్చేశాడు.

"మే, ఇంగొక్క పంట. కార్తీకంలో పెట్టు. అదీ పాయనా, తోట పెరికిచ్చి మొక్కజొన్న ఏసేస్తా. బోరు నీళ్లు తాపి తాపి చచ్చే పురుగుల్ని సాకే ఓపిక నాకు ల్యా."

"నా తోట పెరికేకి నువ్వెవరు?"

"పొలం నాది గదమే."

మల్బరీ వేరు ఒకసారి పెరికితే మళ్లీ నాటి, మళ్లీ ఆకు కోయడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో షెడ్డు గడ్డివాము అవుతుంది. పట్టు రంగమ్మ మళ్లీ నరసింహులు పెండ్లాం అవుతుంది. తప్పు శాంతయ్యదని తేలితే, వేరే చోట పురుగులు తెచ్చి పంట తీసి చూపిస్తానని ఆమె లెక్క. అందుకే చచ్చిన పురుగుల్ని స్టీలు టిఫిను డబ్బాలో వేసుకుని నంద్యాల బస్సెక్కింది.

"ఏందమ్మా డబ్బాలో, కూర చెడిపోయినట్టుండాది?" అన్నాడు కండక్టరు.

"పట్టుపురుగులు. చచ్చి రెండ్రోజులాయె. మూత తీసేదా?"

నంద్యాల దాకా ఆమె సీటు పక్కకు ఎవరూ రాలేదు.

నంద్యాల జిల్లా కేంద్రం అయ్యాక ఊరికి హడావుడి ఎక్కువైంది, ఆటోవాళ్లకు గర్వం ఎక్కువైంది. కాలేజీ చేరేసరికి పది దాటింది. కమలిని నలభై లోపు మనిషి. తండ్రి అహోబిలం గుళ్లో దివ్యప్రబంధం చదివేవాడు. ఆమె మాట్లాడే తీరులోనూ ఆ చదువు వాసన ఉంది, ఒక్కో మాటా తుడిచి పెట్టినట్టు. చచ్చిన పురుగుల్ని చూసి ముక్కు మూసుకోలేదు. రంగమ్మకు ఆమె మీద గురి కుదిరింది అక్కడే.

"చూడండమ్మా, ఒళ్లంతా మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు. ఒకటి వేలంత ఉంది, పక్కది పుల్లంత ఉంది. అన్నీ ఒకే రోజువేనా?"

"ఒకే రోజువే. నాలుగో జ్వరంలో కొన్ని లేచినాయి, కొన్ని లేయలా. ఆకు ముందర పెట్టినా మూతి తిప్పుకొనె."

ఈ జబ్బు పేరు పెబ్రిన్. ఆ మాట ఫ్రాన్సు దక్షిణాది యాసలోది, వాళ్ల భాషలో మిరియాల పేరులోంచి పుట్టింది. నూటయాభై ఏళ్లకు పైగా అయింది, అక్కడ పట్టుపురుగుల మీద ఇవే మిరియాలు పడి ఊళ్లకు ఊళ్లే పట్టు మానుకున్నాయి. మల్బరీ చెట్లు పెరికి కట్టెల పొయ్యిలో పెట్టుకున్నారు. అక్కడి నరసింహులులు కూడా ఒక పొద్దున పళ్లు తోముకుంటూ అదే మాట అనుంటారు. ప్రపంచంలో ఎక్కడికి పోయినా రైతు నోట వచ్చే మాటలు పదీ పన్నెండుకు మించవు.

కమలిని ఒక పురుగును కల్వంలో వేసి, క్షారపు నీళ్లు పోసి నూరింది. దూదిలో వడకట్టి ఒక చుక్క గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపు కింద సర్ది, రంగమ్మను కూర్చోబెట్టింది.

"ఏం కనబడుతోంది?"

"గడ్డిపోచలు, తల్లీ. నల్లగా."

"అవి మీ కనురెప్ప వెంట్రుకలు. కొంచెం వెనక్కి జరగండి."

వెనక్కి జరిగింది. పోచలు పోయాయి. వెలుగు వచ్చింది. ఆ వెలుగులో సన్నటి గింజలు. ఒకటీ రెండూ కాదు, చాటలో పోసిన బియ్యమంత. కోలగా, నున్నగా, మెరుస్తూ, ఉన్నచోటనే వణుకుతూ.

"సోనా బియ్యం మాదిరి ఉండాయి గదమ్మా! ముద్దుగా ఉండాయే!"

"వాటినే స్పోరులంటారు. పెబ్రిన్ గింజలనుకోండి. మీ వెంట్రుక మందంలో ఇట్లాంటివి పక్కపక్కన పేరిస్తే ఇరవై దాకా పడతాయి."

రంగమ్మ కన్ను తీసి, చీర చెంగుతో ముఖం తుడుచుకుని, నెగ్గినదానిలా లేచి నిలబడింది.

"చూస్తివి గదా! శాంతయ్య గుడ్లలో రోగముందని ఒక కాయితం రాసీ తల్లీ. పోయి వాని మొగాన కొడ్తా."

"రాయలేనమ్మా. అది అబద్ధమవుతుంది."

"ఏందీ?"

"తల్లి సీతాకోకచిలుకకు జబ్బు ఉంటే అది గుడ్డులోనే పిల్లకు అంటుకుంటుంది. అట్లాంటి పిల్లలు ఎక్కువ కాలం బతకవు. శాంతయ్య దగ్గరే, రెండో జ్వరం లోపలే సగం రాలిపోయేవి. మీవి మీ ఇంటికొచ్చి, బాగా తిని, నాలుగో జ్వరం దాకా పోయాయి. అంటే వాటి నోట్లోకి ఈ గింజలు మీ షెడ్డులో పోయాయి. ఆకుతో పాటు."

రంగమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆమె అట్లా చతికిలబడటం ఊళ్లోవాళ్లెవరైనా చూసుంటే డాక్టరును పిలిచేవాళ్లు.

"నా షెడ్డులోనా? నేను పంటపంటకూ కడుగుతా. తట్టలు కడుగుతా, వలలు ఉడకబెడ్తా. మనుషులు తిరిగే ఇంట్లో కన్నా శుద్ధంగా ఉంటాది నా షెడ్డు!"

"కడగనిది ఏదైనా ఉందేమో చూడండి" అంది కమలిని.

రంగమ్మ ఇంటికొచ్చి షెడ్డంతా తిరగేసింది. తట్టలు, వలలు, ఆకు తరిగే కత్తి, నేల పగుళ్లు. కడగనిది ఏదీ కనబడలేదు. నరసింహులును పిలిచి గోడలకు సున్నం కొట్టమంది. ఆయన నిచ్చెన వేసి, సున్నం బక్కెట పెట్టుకుని, గోడకు వేలాడుతున్న పాత చంద్రిక మీద చెయ్యి వేశాడు.

"దాన్ని ముట్టుకోవాకు! అది కడిగేది కాదు!"

అరిచింది రంగమ్మే. అరిచాక ఆ మాట తనే విన్నది.

చంద్రికంటే పండిన పురుగులు గూడు కట్టుకోవడానికి పెట్టే వెదురు తడక. చాప మీద గుండ్రంగా వెదురు బద్దలు చుట్టి ఉంటుంది. గోడకు వేలాడేది మామూలు చంద్రిక కాదు. రంగమ్మ పుట్టింట్లో, అవుకు పల్లెలో, కొర్ర కోసిన ఏడు మేలైన కంకులు గుత్తి కట్టి వాకిట్లో వేలాడదీసేవాళ్లు. మరుసటి ఏడు విత్తేటప్పుడు ఆ గుత్తిలోంచి గుప్పెడు నులిమి కొత్త విత్తనాల్లో కలిపేవాళ్లు. పోయిన పంట సత్తువ ఈ పంటకు రావాలని. రంగమ్మ ఆ అలవాటును పురుగుల దగ్గరికి తెచ్చుకుంది. మంచి పంట వచ్చినప్పుడు ఒక చంద్రికను గూళ్లతో సహా అట్లాగే ఉంచి, పసుపు కుంకుమ పెట్టి గోడకు వేలాడదీస్తుంది. కొత్త పురుగులు రాగానే దాన్ని దించి, మొదటి మేత ఆకు మీద మెల్లగా దులిపి, ఆ ఆకు పెడుతుంది. అంతకన్నా మంచి పంట వస్తే పాతది తీసి కొత్తది వేలాడదీస్తుంది. కొర్రలకు అదేమీ చెడుపు చేయలేదు. పురుగులకూ చాలా ఏళ్లు చేయలేదు.

ఇప్పుడు గోడకున్నది ఫాల్గుణం పంటది. అంత పంట ఆమె ఎన్నడూ చూడలేదు. చివరి జ్వరం లేచాక తట్టలు చాలక, పై ఊరినుంచి అరువు తెచ్చింది. అరువు తెచ్చినవి కడగడానికి ఆ రోజు చేతులు లేవు. పురుగులు ఆకలికి తలలెత్తి ఆడిస్తున్నాయి, అట్లాగే పోసేసింది.

నిచ్చెన మీద నరసింహులు అడిగాడు. "ముట్టల్లనా, వద్దా?"

"దించు" అంది రంగమ్మ. "దులపకుండా దించు."

మళ్లీ అదే కండక్టరు దొరికాడు. ఈసారి ఆమె చేతిలో పాలిథిన్ సంచిలో చుట్టిన చంద్రిక చూసి ఏమీ అడగలేదు.

చంద్రిక నిండా ఖాళీ గూళ్లు. లోపలి పురుగులు సీతాకోకచిలుకలై గూడు తొలుచుకుని వచ్చి, అక్కడే మూత్రం పోసి, అక్కడే రెక్కలు రాల్చి, చచ్చి ఎండిపోయాయి. కమలిని ఆ ఎండిన రెక్కల పొడిని క్షారపు నీళ్లలో కలిపి చూసింది. ఆమె ముఖం చూస్తూనే రంగమ్మకు తెలిసింది.

"చాలానే ఉన్నాయమ్మా."

"నా చేత్తో దులిపినా. ఆకు మీద. పసుపు పెట్టి మరీ."

కమలిని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కుర్చీ జరిపి, ఇంకొక గాజుపలక తీసింది.

"కూర్చోండి. ఇది ఎట్లా లోపలికి దూరుతుందో చూపిస్తాను. చూస్తే దాన్ని ఎట్లా ఆపాలో మీకే తడుతుంది."

ముందు కాగితం మీద గింజ బొమ్మ గీసింది. చుట్టూ రెండు పొరల గోడ. లోపలి పొర రొయ్య పెంకులో ఉండే పదార్థమే. అంత గట్టిది కాబట్టే చిలుక చచ్చి ఎండి దుమ్మయినా, నెలల తరబడి గోడకు వేలాడినా లోపలి సరుకు చెక్కు చెదరదు. ఒక కొసన మాత్రం ఆ గోడ పలచన. ఆ కొసకే అతుక్కుని ఒక గొట్టం. గొట్టమంటే సన్నటి దారమంతది. గింజ లోపల అది వెనక్కి పోయి, బావి తాడు చుట్టినట్టు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ముందు వైపు మడతలు పెట్టిన బట్టలాంటి పొరలు, వెనక వైపు ఒక నీటి సంచి. మధ్యలో, ఇంత సరంజామా మధ్యలో, అసలు జీవి. చిటికెడంత జీవం.

"అంతేనా? ఇంత కోట కట్టి లోపల ఉండేది అంతేనా?"

"అంతే. దానికి సొంత పొయ్యి కూడా లేదమ్మా. ఇంకొకరి కణంలోకి దూరి, వాళ్లు వండుకున్నది తిని బతుకుతుంది. ఒకప్పుడు దీన్ని ఏకకణ జంతువుల్లో లెక్కేసేవారు. ఇప్పుడు బూజు, పుట్టగొడుగుల వంశానికి దగ్గరి చుట్టమంటున్నారు."

పురుగు కడుపులో రసం క్షారం, సున్నపు నీళ్ల తీరు. గింజ అక్కడికి చేరేదాకా నిద్రపోతుంది. అక్కడికి చేరగానే లేస్తుంది. కాలేజీలో ఆ కడుపు లేదు కనుక, కమలిని గింజల్ని క్షారంలో నానబెట్టి, తరువాత ఆ క్షారం తగ్గించి, పలక మీద పెట్టింది. రంగమ్మ కన్ను ఆనించింది. ఈసారి కనురెప్పలు అడ్డం రాలేదు.

గింజలు మెరుస్తున్నాయి. కాసేపు ఏమీ లేదు. అంతలో ఒక గింజ మెరుపు ఆరిపోయింది. దీపం ఆర్పినట్టు. దాని కొసలోంచి వెంట్రుక లాంటిది బయటికి దూకింది. దూకింది అనే లోపలే దూకేసింది. గింజ పొడవుకు ఎన్నో రెట్లు. పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

"అమ్మో! ఉమ్మిందమ్మా, ఉమ్మింది!"

"లోపలికి నీళ్లు జొరబడి ఒత్తిడి పెరుగుతుంది. వెనక సంచి ఉబ్బుతుంది. పలచని కొస పగిలి, గొట్టం లోపలిది బయటికి తిరగబడుతూ వస్తుంది. చొక్కా చేతిని తిరగేసి లాగుతాం చూడండి, అట్లా. పురుగు కడుపులో అయితే ఆ గొట్టం కొస పేగు గోడలోని కణానికి గుచ్చుకుంటుంది. అప్పుడు ఆ చిటికెడు జీవం గొట్టంలోకి దూరి, సన్నగా సాగి, జారి అవతల పడుతుంది. కణం లోపల. తలుపు తట్టే పనే లేదు."

రంగమ్మ మైక్రోస్కోపు వదలకుండానే అడిగింది. "ఒకసారి ఉమ్మినాక మళ్లీ ఉమ్ముతాదా?"

"లేదు. ఆ గింజ ఇక ఖాళీ పెంకు."

"అది నడ్సుకుంటా పురుగు కాడికి పోతాదా?"

"పోలేదు. కాళ్లు లేవు, రెక్కలు లేవు. ఆకు మీద ఉంటే, పురుగు తింటేనే."

రంగమ్మ కన్ను తీసింది. కన్ను చుట్టూ గుండ్రటి గుర్తు పడింది. ఆ గుర్తుతోనే ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అట్లయితే దాని బతుకంతా నా చేతిలోనే ఉండాది గదమ్మా! నేను తినిపిచ్చకపోతే అది పేలేకి కుదరదు. ఇన్నాళ్లూ అది దూరింది కాదు, నేనే అన్నం కలిపి పెడితి!"

ఇంత అల్పజీవికి ఇంత ఆయుధమెందుకో ఆలోచిస్తే వింతగానే ఉంటుంది. ఆళ్లగడ్డ శిల్పి రాయిని బయటినుంచి కొడతాడు, నెలలు కొడతాడు. ఇది ఒకే ఒక్క దెబ్బ, అదీ లోపలినుంచి. తప్పిందా, జన్మంతా వృథా. అందుకే కోట్లలో పుడుతుంది. ఎదురుచూడటమే దాని బలం, ఎదురుచూడటమే దాని బలహీనత కూడా. రంగమ్మ ఈ మాటలతో అనుకోలేదు కానీ, బస్సులో తిరిగొస్తూ అనుకున్నది ఇదే.

ఆ సాయంత్రమే దిబ్బ పక్కన చంద్రికను కిరసనాయిలు పోసి కాల్చింది. దాని పసుపు కుంకుమ తుడవకుండానే కాల్చింది. నరసింహులు ఏమైనా అంటాడేమో అని చూసింది. ఆయన ఇంకో కట్టె ఎగదోశాడు, అంతే.

మర్నాడు గోస్పాడు పోయింది. చాకీ పురుగులు కావాలి. కార్తీకానికి అందేలా మంచివి ఇవ్వగలవాడు ఆ చుట్టుపక్కల శాంతయ్య ఒక్కడే. అతను ఒంటరిగా ఉండే వేళ చూసుకుని పోవచ్చు. ఆమె పొద్దున్నే, రైతులంతా వచ్చే వేళ చూసుకుని పోయింది.

"శాంతయ్యా, బస్టాండులో నలుగుర్లో తిడ్తి, నలుగుర్లోనే చెప్తాండా. తప్పు నీ గుడ్డుది కాదు, నా గోడది." చంద్రిక సంగతంతా చెప్పింది. దాచలేదు. "మీ ఇండ్లల్లో గూడా అట్లాంటివి పెట్టుకోనుంటే కాల్చండప్పా. నీ తాళం నీ కాడ్నే పెట్టుకో శాంతయ్యా, నాకు మాత్రం పురుగులియ్యి."

రైతుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంకొకడు నేల చూశాడు. వాడి ఇంట్లో గోడకేముందో వాడికి తెలుసు.

శాంతయ్య ఆకు తరిగే కత్తి కింద పెట్టాడు. "ఇయ్యకపోతే ఏం చేస్తావక్కా?"

"ఈడ్నే కూర్చుంటా. తిడ్తా."

"అమ్మా తల్లీ, ఇస్తా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. "నువ్వు తిట్టినందుకు కాదు, ఇంతమందిలో వచ్చి చెప్పినందుకు."

ఆ పంటకు ముందు షెడ్డుకు జరిగిన శుద్ధి ఊరంతా చెప్పుకుంది. బ్లీచింగు పొడి, సున్నం కలిపి గోడా కప్పూ తడిపింది. తట్టలు ఆ నీళ్లలో ముంచి ఎండబెట్టింది. పగుళ్లకు సిమెంటు పూసింది. గుమ్మం ముందర బ్లీచింగు నీళ్ల తొట్టి పెట్టి, కాళ్లు ముంచనిదే ఎవరినీ రానివ్వలేదు.

"నా షెడ్డులోకి నేను పోయేకి కాళ్లు కడుక్కోవల్లనా?" అన్నాడు నరసింహులు.

"పొలం నీది. షెడ్డు నాది. కడుగు."

చాకీ పురుగులు వచ్చాయి. మొదటి మేత వేసే పూట రంగమ్మ చేతులు అలవాటుగా గోడ వైపు పోయి, ఖాళీ మేకు చూసి ఆగాయి. తడి ఆరిన శుభ్రమైన ఆకు, అంతే వేసింది. మూడో జ్వరం అన్నీ ఒకే పూట పడుకుని ఒకే పూట లేచాయి.

నాలుగో జ్వరం దగ్గర తూర్పు మూల తట్టల్లో కొన్ని పురుగులు లేవలేదు. మిగతావి వేలంత ఉంటే ఇవి పుల్లల్లా ఉన్నాయి.

నరసింహులు గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయాడు. ఆయన అట్లా పోవడమే ఆమెకు ఎక్కువ భయమైంది. తోట వైపు చూసింది. ఏపుగా, కంటికి నిండుగా ఉంది. మళ్లీ అదే స్టీలు డబ్బా, అదే బస్సు. ఈసారి పురుగులు బతికే ఉన్నాయి.

కమలిని ఒక్కో పురుగునూ విడిగా నూరి చూసింది. ఒక పలక. ఇంకొకటి. రంగమ్మ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. చూడనంది. ఆఖరి పలక అయ్యాక కమలిని ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మీరే చూడండి. నేను చెబితే మీరు నమ్మరు."

వెలుగు. ఆ వెలుగులో ఏవేవో ముక్కలు, కొవ్వు బొట్లు. ఈ మూలా ఆ మూలా వెతికింది. మెరిసే బియ్యపు గింజ ఒక్కటి లేదు.

"మరి ఎందుకు లేయలేదు తల్లీ?"

"ఆ మూల చలిగాలి తగులుతుందా?"

రంగమ్మ నుదురు కొట్టుకుంది. పగుళ్లకు సిమెంటు పూయడమైతే పూసింది, తూర్పు కిటికీకి గోనెపట్టా కట్టడం మరిచిపోయింది. చలికి వెనకబడిన పురుగులు, అంతకన్నా ఏమీ లేదు. ఆమె కాలేజీ వరండాలో నిలబడి పెద్దగా నవ్వింది. క్లాసులోంచి పిల్లలు తొంగిచూశారు.

పురుగులు పండిన రోజు షెడ్డులో ఆకు నమిలే చప్పుడు మధ్యాహ్నానికి ఆగిపోయింది. అప్పటిదాకా రేకుల మీద వాన పడినట్టున్న చప్పుడు. ఇప్పుడు పురుగులు నిగనిగలాడుతూ, ఒళ్లు పసుపు వన్నె తిరిగి, తలలు ఊపుతూ ఎక్కడానికి చోటు వెతుకుతున్నాయి. ఒక్కటి కాదు, అన్నీ ఒకేసారి. ఇంట్లో చేతులు చాల్లేదు. రంగమ్మ వీధిలోకొచ్చి కేక పెట్టింది.

"రాండ్రీ! బేగా రాండి! చేతులున్నోళ్లంతా రాండి!"

వచ్చారు. జీవమ్మ పక్కూరినుంచి వచ్చింది. ఒకప్పుడు నవ్వినవాళ్లే వచ్చారు. గుమ్మం ముందర వరసగా నిలబడి కాళ్లు ముంచారు. ఏరి, ఏరి చంద్రికల మీద పోశారు. ఐదు రోజులకు గూళ్లు. తెల్లగా, గట్టిగా, చేత్తో నొక్కితే లొంగనివి. జీవమ్మ ఒకటి చెవి దగ్గర ఊపి చూసి, "గలగలా అంటాంది సూడు" అని అందరికీ వినిపించింది. శాంతయ్య గోస్పాడునుంచి మోటారు సైకిలు మీద వచ్చి, గుప్పెడు చేతిలోకి తీసుకుని, ఆ గుప్పెడు ఫోటో తీసుకున్నాడు. రైతులకు చూపించుకోవాలి గదా.

గూళ్లన్నీ సంచులకెత్తి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు పోయే లారీ ఎక్కించాక, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయింది. రంగమ్మ షెడ్డు కడగడానికి సున్నం కలుపుతూ తలెత్తి చూసింది. నరసింహులు తోటలో ఉన్నాడు. చేతిలో కత్తి. మల్బరీ మొక్కల్ని మోకాలెత్తున నరుకుతున్నాడు.

ఆమె పరుగెత్తింది. "ఏం చేస్తాండావ్!"

"కొమ్మ కొట్టకపోతే వచ్చే పంటకు లేతాకు యాడ్నుంచి వస్తాదే?" అన్నాడాయన, వెనక్కి తిరగకుండానే. "గోస్పాడుకు ఫోను చేసినావా? ఎన్ని గుడ్లు పెట్టమంటావో చెప్పు. బోరు కాడి చేన్లో గూడా నాటుదాం అనుకుంటాండా."

రంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని తోటనంతా ఒకసారి చూసుకుంది. నరికిన కొమ్మల మొదళ్లలో పాలు కారుతున్నాయి.

"ఆ వరస వంకరగా కొట్టినావు" అంది. "ఇట్లా తే కత్తి."